సబ్‌స్టాక్ వదిలి రావాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

న్యూస్‌లెటర్లు రాసి మెయిల్‌లో పంపే వేదిక సబ్‌స్టాక్ నుంచి నేను బయటికి వచ్చాక అందిన మెయిళ్లలో సగం ఒకటే ప్రశ్న: "మీరు చందాదారుల్ని ఎలా తెచ్చుకున్నారు? పాత పోస్టులు ఏమయ్యాయి? మేమూ రావాలనుకుంటున్నాం, భయంగా ఉంది." విడివిడిగా రాసి రాసి చేతులు నొప్పెట్టి, ఇక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు వదలాలి అన్నది రెండు ముక్కల్లో చెప్పి పనిలోకి వెళ్దాం. 2023 నవంబర్ 28న ది అట్లాంటిక్ పత్రికలో జోనథన్ కాట్జ్ రాసిన వ్యాసం వచ్చింది. లోగోల్లోనో, పెద్ద బొమ్మల్లోనో బాహాటంగా నాజీ గుర్తులు పెట్టుకున్న న్యూస్‌లెటర్లు సబ్‌స్టాక్‌లో కనీసం 16 కనిపించాయని, వాటిలో కొన్ని డబ్బు కూడా వసూలు చేస్తున్నాయని ఆయన చూపించాడు. డిసెంబర్‌లో 200 మందికి పైగా రచయితలు కంపెనీకి బహిరంగ లేఖ రాశారు. సహ వ్యవస్థాపకుడు హేమిష్ మెకెంజీ డిసెంబర్ 21న ఇచ్చిన జవాబు సారాంశం: మాకూ నాజీలు ఇష్టం లేదు, కానీ నిషేధించినా, ఆదాయం ఆపినా సమస్య పోదు, ఇంకా ముదురుతుంది. 2024 జనవరిలో హింసను రెచ్చగొట్టకూడదన్న నిబంధన కింద ఐదు న్యూస్‌లెటర్లను తీసేశారు, విధానం మాత్రం మార్చలేదు. జనవరి 11న కేసీ న్యూటన్ నడిపే ప్లాట్‌ఫార్మర్ అనే న్యూస్‌లెటర్ తాను ఘోస్ట్ అనే మరో వేదికకు వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. 2025 జూలైలో ఒక నాజీ న్యూస్‌లెటర్‌ను పరిచయం చేసే నోటిఫికేషన్ కొందరి ఫోన్లకు వెళ్లింది. పొరపాటున జరిగిందని కంపెనీ క్షమాపణ చెప్పింది.

"ఇంటర్నెట్‌లో ఎక్కడికెళ్లినా చెత్త ఉంటుంది కదా, ఘోస్ట్‌లో మాత్రం ఉండదా?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. ఘోస్ట్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవడైనా దించుకుని తన సర్వర్ మీద ఏదైనా రాసుకోవచ్చు, నిజమే. అయితే అచ్చుయంత్రం అమ్మడం వేరు, పుస్తకాన్ని దుకాణం ముందు వరసలో పెట్టి, వచ్చినవాళ్లకు చూపించి, అమ్మకంలో 10 శాతం తీసుకోవడం వేరు. సబ్‌స్టాక్ చేసేది రెండో పని. మీకు ఈ వాదన ఒప్పుకోబుద్ధి కాకపోతే ఉండిపోండి. ఉండిపోయిన మంచి రచయితలు చాలామంది ఉన్నారు, వాళ్లతో నాకు తగువు లేదు. వదలాలని నిశ్చయించుకున్నవాళ్ల కోసం మిగతాది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- సబ్‌స్టాక్ ఖాతా పాస్‌వర్డు, డబ్బు చందాలుంటే స్ట్రైప్ (కార్డు చెల్లింపులు అందించే సంస్థ) ఖాతా పాస్‌వర్డు
- మీ సొంత డొమైన్ (సైట్ చిరునామా పేరు), దాని డీఎన్‌ఎస్ (ఆ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే రికార్డులు) మార్చగల లాగిన్. డొమైన్ లేకపోతే ఇప్పుడే కొనండి. మళ్లీ ఎప్పుడైనా ఇల్లు మారాల్సి వస్తే చిరునామా మారకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.
- జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్‌లలో ఒక్కో పరీక్ష ఖాతా
- ఒక కాగితం. అవును, కాగితమే. లెక్కలు రాసుకోవడానికి.
- రెండు వారాంతాలు. ఒక్క రాత్రిలో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

1. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి

చేతిలో డబ్బు చందాలు ఉన్నవాళ్లకు ఘోస్ట్ నయం. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, చందాలో వాటా తీసుకోదు, నెలకో ఏడాదికో అద్దె కడితే చాలు. నెలకు 5 డాలర్ల చొప్పున 100 మంది కడుతున్నారనుకోండి. సబ్‌స్టాక్‌లో 500 డాలర్లకు 50 డాలర్లు కమీషన్ పోతుంది, స్ట్రైప్ రుసుము అదనం. ఘోస్ట్‌లో ఆ 50 మిగులుతుంది, అద్దె మాత్రం మీ చందాదారుల సంఖ్యను బట్టి పెరుగుతుంది. డబ్బేమీ వసూలు చేయని పెద్ద జాబితా ఉన్నవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది: సబ్‌స్టాక్‌లో ఉచితంగా నడిచింది, ఇక్కడ చేతినుంచి పెట్టుకోవాలి. దీనికి సిద్ధపడకుండా వచ్చి నాలుగో నెలలో ఆపేసినవాళ్లు నాకు తెలుసు.

చిన్న జాబితా, సాదా అక్షరాలు చాలనుకుంటే బటన్‌డౌన్ చూడండి. ప్రకటనలూ, పాఠకుల్ని పెంచే హంగులూ కావాలంటే బీహైవ్. ఇప్పటికే వర్డ్‌ప్రెస్ అలవాటుంటే వర్డ్‌ప్రెస్‌.కామ్‌లో సబ్‌స్టాక్ నుంచి దిగుమతి చేసే సాధనం ఉంది. ఎక్కడికెళ్లినా ఒక్క పని మాత్రం చేయండి. ఆ సంస్థ నిబంధనల పేజీ తెరిచి, ద్వేషం, హింస గురించి ఏం రాసిందో చదవండి. ఈ కారణంతోనే ఇల్లు మారుతూ అది చదవకుండా వెళ్లడం ఏం సబబు?

భారత్‌లో ఉండి డబ్బు చందాలు తీసుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. స్ట్రైప్ ఇక్కడ కొత్త ఖాతాలను ఆహ్వానం మీదే ఇస్తోంది. ఘోస్ట్‌లో చందాలు స్ట్రైప్ మీదే నడుస్తాయి. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని యూపీఐతో డబ్బు తీసుకోవాలంటే, వర్డ్‌ప్రెస్‌కు వూకామర్స్ (అమ్మకాల ప్లగిన్), రేజర్‌పే (చెల్లింపుల సంస్థ) జోడించడం తేలిక. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు.

2. లెక్క రాసుకోండి

ఏ బటనూ నొక్కకముందే కాగితం మీద: ప్రచురించిన పోస్టులు ఎన్ని, చిత్తుప్రతులు ఎన్ని, ఉచిత చందాదారులు ఎందరు, డబ్బు కట్టేవారు ఎందరు (నెలవారీ వేరు, వార్షికం వేరు), మీరు ఊరికే ఇచ్చిన చందాలు ఎన్ని. చివర్లో సరిచూసుకోవడానికి ఈ కాగితమే ఆధారం. దీన్ని దాటేసినవాళ్లకు ఏం పోయిందో కూడా తెలియదు.

3. అన్నీ దించుకోండి

సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ విభాగానికి వెళ్లి కొత్త ఎక్స్‌పోర్ట్ అడగండి. కాసేపటికి ఒక జిప్ ఫైల్ వస్తుంది. అందులో పోస్టుల జాబితా ఒక సీఎస్‌వీ (పట్టికలాంటి ఫైల్), ఒక్కో పోస్టుకూ హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైల్, చందాదారుల జాబితా ఉంటాయి. రెండుచోట్ల దాచండి. చందాదారుల ఫైల్‌ను వాట్సాప్ గ్రూపులో పడేసి "ఎవరైనా సాయం చేయండి" అనకండి. అవి ఇతరుల మెయిల్ చిరునామాలు, మిమ్మల్ని నమ్మి ఇచ్చారు.

ఆ జిప్‌లో ఉండనివి తెలుసుకోండి. బొమ్మలు రావు, వాటి లింకులే వస్తాయి. వ్యాఖ్యలు రావు. నోట్స్ (సబ్‌స్టాక్‌లో పెట్టే పొట్టి పోస్టులు) రావు. ఆప్‌లో మిమ్మల్ని ఫాలో అవుతూ మెయిల్ ఇవ్వనివాళ్లు రారు. పాఠకుల వ్యాఖ్యల్లో మీకు ప్రాణమైనవి ఉంటే పేజీలను పీడీఎఫ్‌గా దాచుకోండి. నేను ఓ పది పోస్టులకు అలా చేశాను. మా ఊరి చెరువు గురించి రాసినప్పుడు ఒక పెద్దాయన కింద రాసిన నాలుగు పేరాలు నా వ్యాసం కంటే బాగుంటాయి మరి.

ఇక్కడ తెలుగువాళ్లు తరచూ బోల్తా పడే చోటు: సీఎస్‌వీ మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరవడం. తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. కంగారుపడి సేవ్ నొక్కారా, ఫైల్ నిజంగానే పాడైపోతుంది. గూగుల్ షీట్స్‌లో తెరవండి. ఎక్సెలే కావాలంటే డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని, యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపించే ఎన్‌కోడింగ్) ఎంచుకోండి. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా నకలు మీదే పని చేయండి.

4. చందాదారుల ఫైల్ శుభ్రం చేయండి

ఈమెయిల్ డిజేబుల్డ్ అనే అర్థంలో ఒక కాలమ్ ఉంటుంది. అందులో "ట్రూ" అని ఉన్నవాళ్లు మెయిళ్లు వద్దనుకున్నవాళ్లు. వాళ్లను మామూలు చందాదారులుగా కొత్త చోట చేర్చేస్తే మొదటి ఉత్తరానికే స్పామ్ అని నొక్కుతారు, నొక్కాలి కూడా. వాళ్లను పక్కన పెట్టండి. అయితే వీళ్లలో కొందరు డబ్బు కట్టి ఆప్‌లోనే చదివేవాళ్లు ఉంటారు. కట్టేవాళ్లను మాత్రం విడిగా చూసుకుని ఒక్కొక్కరికీ సొంతంగా ఉత్తరం రాయండి.

5. కొత్త ఇల్లు సిద్ధం చేయండి, తలుపు వేసే ఉంచండి

కొత్త చోట సైట్‌ను ప్రైవేట్‌లో పెట్టండి. పోస్టులు దిగుమతి చేయకముందే టైమ్‌జోన్‌ను ఆసియా/కోల్‌కతా చేయండి, లేదా మీరుండే చోటుది. సబ్‌స్టాక్ ఇచ్చే సమయాలు యూటీసీలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. జనవరి 14 తెల్లవారుజామున 5 గంటలకు వేసిన సంక్రాంతి పోస్టు, ఇది మార్చకపోతే 13వ తేదీతో కనిపిస్తుంది.

ఘోస్ట్‌లో సెట్టింగ్స్‌లో ఇంపోర్ట్ విభాగంలోనే సబ్‌స్టాక్ పేరుతో దారి ఉంది, జిప్ ఇస్తే చాలు. అయ్యాక వెంటనే చూడవలసినవి మూడు.

ఒకటి, చిత్తుప్రతులు. సగం రాసి వదిలేసినవి, కోపంలో రాసి ఆపుకున్నవి ప్రచురితమైపోయాయేమో చూడండి. రెండు, డబ్బు కట్టినవారికే అని పెట్టిన పోస్టులు అందరికీ తెరుచుకున్నాయేమో. లాగవుట్ అయి, ఇంకో బ్రౌజర్‌లో తెరిచి చూడాలి. మీ ఖాతాలోంచి చూస్తే అన్నీ తెరిచే కనిపిస్తాయి. మూడు, బొమ్మలు. ఏదైనా బొమ్మ మీద కుడి క్లిక్ చేసి కొత్త ట్యాబ్‌లో తెరవండి. అడ్రస్‌లో ఇంకా సబ్‌స్టాక్ పేరు ఉంటే బొమ్మ అక్కడే ఉందన్నమాట, రేపు పోవచ్చు. దించి, కొత్త చోటికి ఎక్కించండి. విసుగు పనే. టీ పెట్టుకుని, పాటలు పెట్టుకుని చేయండి.

ఇంకొకటి, ఇంగ్లీషులో రాసిన ఏ సూచనల్లోనూ కనిపించదు. చాలా థీములు (సైట్ రూపాన్ని నిర్ణయించే అచ్చులు) ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి కుట్టినవి. తెలుగు పెట్టగానే శీర్షికల్లో ఒత్తులు కింది వరుసకు తగులుతాయి, గుడులు తెగిపోతాయి. వరుసల మధ్య ఎడం 1.7 కంటే తగ్గించకండి. అక్షరాల మధ్య ఎడం రుణాత్మకంగా ఉంటే సున్నా చేయండి. ఫాంటు గూగుల్‌లో ఉచితంగా దొరికే మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ బాగుంటాయి. శీర్షికలకు రామభద్ర. "స్త్రీ", "కృష్ణశాస్త్రి", "రాష్ట్రం" అని పెద్ద అక్షరాల్లో రాసి చూడండి, ఇవి నిలబడితే అన్నీ నిలబడతాయి.

6. మెయిల్ కొత్త చోటునుంచి ఇన్‌బాక్స్‌కు చేరేలా చేయండి

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఇన్నాళ్లూ మీ ఉత్తరాలు సబ్‌స్టాక్ పరపతి మీద ఇన్‌బాక్స్‌లోకి వెళ్లాయి. ఇప్పుడు మీ డొమైన్ పేరు గూగుల్‌కు కొత్త మనిషి. ఉత్తరం నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులను కొత్త సంస్థ ఇస్తుంది, వాటిని డీఎన్‌ఎస్‌లో అక్షరం పొల్లుపోకుండా చేర్చండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద జాబితాలకు ఇవి తప్పనిసరి చేశాయి. ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురు.

సరిగా పనిచేస్తోందా? మీ జీమెయిల్ పరీక్ష ఖాతాకు ఉత్తరం పంపి, మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" తెరవండి. మూడింటికీ "పాస్" అని కనిపించాలి. ఒక్కదానికి "ఫెయిల్" ఉన్నా అక్కడితో ఆగండి.

జీమెయిల్ 102 కేబీ దాటిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరిస్తుంది. ఒక్కో తెలుగు అక్షర సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు పడుతుంది, ఇంగ్లీషుకు ఒకటే. కాబట్టి ఇంగ్లీషువాళ్లు హాయిగా పంపే పొడవు మనకు కత్తెర పాలవుతుంది. చందా మానుకునే లింకు అడుగున ఉంటుంది కాబట్టి అదీ కనపడదు. అది దొరకనివాడు స్పామ్ నొక్కుతాడు. పొడుగు వ్యాసాలైతే మెయిల్‌లో సగం పెట్టి, మిగతాది సైట్‌లో చదవమనండి.

7. డబ్బు చందాలు, మెల్లగా

స్ట్రైప్ ఖాతా మీదే, సబ్‌స్టాక్‌ది కాదు. కొత్త చోట కూడా అదే స్ట్రైప్ ఖాతాను కలపండి, కొత్తది తెరవకండి. అలా చేస్తే పాఠకులు మళ్లీ కార్డు వివరాలు ఇవ్వక్కర్లేదు. పాత చందాల మీద సబ్‌స్టాక్ 10 శాతం వాటా తనంతట తాను ఆగదు. దాన్ని తీయించాలి. ఘోస్ట్ వాళ్ల సహాయ బృందం ఇది చేసిపెడుతుంది, అడగండి. ఆపిల్ ఫోన్‌లో ఆప్ ద్వారా డబ్బు కట్టినవాళ్ల చందాలు మీ స్ట్రైప్‌లో ఉండవు, కదలవు. వాళ్లు అక్కడ మానేసి ఇక్కడ మళ్లీ చేరాల్సిందే. ఎవరెవరో చూసి ముందే చెప్పండి, కాస్త తగ్గింపు కూడా ఇవ్వండి.

హెచ్చరిక: ఈ పని పూర్తయ్యేదాకా సబ్‌స్టాక్‌లో పబ్లికేషన్ డిలీట్ చేయకండి, అక్కడ స్ట్రైప్ తెంపకండి. కొత్త ఇంట్లో పాలు పొంగించకుండానే పాత ఇంటి తాళంచెవి ఇచ్చేయడమే అది. చందాలు రద్దయ్యే ప్రమాదం ఉంది.

8. చిరునామా మార్చండి

సబ్‌స్టాక్‌లో సొంత డొమైన్ వాడుతున్నవారు అదృష్టవంతులు. ముందు రోజే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్‌ను (పాత రికార్డును ఇతర సర్వర్లు గుర్తుంచుకునే వ్యవధి) 300 సెకన్లకు తగ్గించండి. మర్నాడు రికార్డు కొత్త చోటికి మార్చండి. పాత పోస్టుల లింకుల్లో శీర్షిక ముందు "పీ" అనే అక్షరం (/p/) ఒక మెట్టుగా ఉంటుంది. కొత్త చోట అది ఉండదు కాబట్టి రీడైరెక్ట్ (పాత లింకును కొత్తదానికి మళ్లించే ఏర్పాటు) పెట్టాలి. తెలుగు శీర్షికలకు సబ్‌స్టాక్ లింకు చివర తరచు అర్థంలేని మూడు నాలుగు అక్షరాల గుత్తి పెడుతుంది. అవి అందంగా లేవని దిగుమతి తర్వాత మార్చేశారా, ఆ పోస్టుకు విడిగా ఇంకో రీడైరెక్ట్ రాయాలి. నేను సరదాపడి ఇరవై మార్చి, ఆ ఇరవై లింకులూ తెంచుకున్నాను.

సబ్‌స్టాక్ ఇచ్చిన ఉపడొమైన్ (సబ్‌స్టాక్ పేరుతో ముగిసే చిరునామా) వాడేవారికి రీడైరెక్ట్ సౌకర్యం లేదు. పాత పోస్టుల్లో బాగా చదివేవి ఓ పాతిక ఎంచుకుని, పైన "ఈ వ్యాసం ఇప్పుడు ఇక్కడ ఉంది" అని లింకు పెట్టండి. పెట్టాక మళ్లీ మెయిల్ వెళ్లకుండా సేవ్ చేయడం మరచిపోకండి.

9. పాఠకులకు చెప్పండి

రెండు ఉత్తరాలు. మొదటిది సబ్‌స్టాక్ నుంచే, మారడానికి ఓ వారం ముందు. రెండోది కొత్త చోటునుంచి, మొదట తరచూ తెరిచి చదివే వంద మందికి, రెండు రోజులాగి మిగతావాళ్లకు. ఒక్కసారిగా అందరికీ పంపితే కొత్త డొమైన్‌ను చూసి మెయిల్ సంస్థలు బెదురుతాయి.

ఏం రాయాలి? పొట్టిగా రాయండి. ఇలా సరిపోతుంది:

"నమస్కారం. వచ్చే ఆదివారం నుంచి ఈ ఉత్తరం కొత్త చిరునామా నుంచి వస్తుంది. సబ్‌స్టాక్ నాజీ భావజాలం ప్రచారం చేసేవారికి చోటిచ్చి, వారి ఆదాయంలో వాటా తీసుకుంటోంది. అందులో నా రాతలు ఉండటం నాకు ఇష్టం లేదు. మీరు చేయవలసిందేమీ లేదు. మొదటి ఉత్తరం స్పామ్‌లో పడితే బయటికి తీసి, ఒక్క మాట జవాబు రాయండి. వద్దనుకుంటే కింద మానుకునే లింకు ఉంది."

జవాబు రాయమనడం మర్యాద కోసమే కాదు, పాఠకుడు జవాబిచ్చిన చిరునామాను మెయిల్ సంస్థలు నమ్ముతాయి.

ఈ ఉత్తరంలో చేసే తప్పులు నాలుగు చూశాను. ఆ న్యూస్‌లెటర్ల పేర్లు రాసి లింకులివ్వడం, అంటే మీ చేత్తో ప్రచారం చేయడం. వాటి లోగోల బొమ్మలు పెట్టడం. అక్కడే ఉండిపోయిన రచయితల్ని తిట్టడం, రేపు వాళ్లూ మీ దారినే రావచ్చు. నాలుగోది మనకే ప్రత్యేకం: "స్వస్తిక్ గుర్తున్న న్యూస్‌లెటర్లు" అని రాయడం. నేనలాగే రాశాను. మా పిన్ని ఫోన్ చేసి "గడప మీద స్వస్తిక్ వేస్తే తప్పేంట్రా?" అంది. నాజీ గుర్తు, హిట్లర్ పార్టీ గుర్తు అని రాయండి, ఏ పిన్నికీ అనుమానం రాదు.

10. సరిచూసుకోండి

వారం తర్వాత ఆ కాగితం తీయండి. పోస్టులు, ఉచిత చందాదారులు, నెలవారీ, వార్షికం, ఊరికే ఇచ్చినవి: ఒక్కోటి పాత సంఖ్యతో పోల్చండి. ఉచిత చందాదారులు తగ్గితే, మీరు నాలుగో మెట్టులో తీసేసిన సంఖ్యతో తేడా సరిపోవాలి. డబ్బు చందాలు ఒక్కటి తగ్గినా స్ట్రైప్‌లో పేరు వెతకండి. గూగుల్‌లో మీ పేరుతో పాత వ్యాసాలు వెతికి ఓ పది లింకులు నొక్కండి. రేపు చందా పునరుద్ధరణ ఉన్న ఒకరిని ఎంచుకుని, డబ్బు ఒకసారే పడిందా, సబ్‌స్టాక్ వాటా కోత పడలేదా చూడండి.

ఉత్తరాలు తెరిచేవారి శాతం మొదటి నెల పడిపోతుంది. పడిపోయిన ప్రతిసారీ సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోకండి. "షో ఒరిజినల్"లో మూడు పాస్‌లు ఉన్నంతకాలం మామూలుగా రాస్తూ పోండి. కొత్త పాఠకులు రావడం మాత్రం నెమ్మదిస్తుంది. సబ్‌స్టాక్‌లో ఒకరినొకరు సిఫారసు చేసుకునే ఏర్పాటు ఇక ఉండదు. బదులుగా, మీలాగే బయటికి వచ్చిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడుకుని ఒకరి ఉత్తరంలో ఒకరు ఓ వరుస రాసుకోండి.

11. అప్పుడు తాళం వేయండి

కనీసం ఒక నెల, వార్షిక చందాలుంటే మూడు నెలలు ఆగండి. సబ్‌స్టాక్‌లో సిఫారసులు, వ్యాఖ్యలు, కొత్త డబ్బు చందాలు ఆపేయండి. నోట్స్‌లో ఒక్క చివరి మాట పెట్టండి, మెయిల్ ఇవ్వకుండా ఫాలో అయినవాళ్లకు మీ కొత్త చిరునామా తెలిసే దారి అదొక్కటే. డిలీట్ చేయాలా, ఖాళీగా వదలాలా? సొంత డొమైన్ ఉన్నవాళ్లు డిలీట్ చేయవచ్చు. ఉపడొమైన్‌వాళ్లు "ఇల్లు మారాం" అనే ఒక్క పోస్టు పైన ఉంచి వదిలేయడం మేలు, పాత లింకు పట్టుకుని వచ్చినవాడికి దారి తెలుస్తుంది. డిలీట్ చేసే రోజు మాత్రం ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ తీసుకోండి. మధ్యలో పాత ఫారమ్ ద్వారా చేరిన కొత్తవాళ్లు అందులో ఉంటారు. నాకు పదకొండు మంది దొరికారు.